లంకలకు వచ్చే డబ్బు, లంకల్లో నిలిచే డబ్బు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. విజయవాడ నగరం అప్పటికే బుడమేరు ముంపులో చిక్కుకుని ఉండడం వల్ల అందరి చూపూ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వీధుల మీదనే నిలిచింది. అదే కృష్ణ నీరు కొల్లిపర మండలంలోని అన్నవరపులంక, కొత్తూరులంక పొలాల మీదుగా, ఇంకా దిగువన పోతార్లంక, చింతర్లంక, పెసర్లంక వంటి ఊళ్ల మీదుగా సముద్రం వైపు సాగింది. చప్టాలు మునిగిపోవడంతో ఆ ఊళ్లకు పడవ ఒక్కటే దారి అయింది.

సాయం రాలేదని ఎవరూ అనలేరు. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు, బియ్యం సంచులు కరకట్ట దాకా లారీల్లోనూ అక్కడి నుంచి పడవల మీదా వచ్చాయి. అయితే వరద నష్టం బయటపడేది నీరు తీసిన తరువాతే. ఒండ్రు నిండిన మోటారుకు రీవైండింగ్ చేయించాలి. దుంప కుళ్లిన పసుపు చేనుకు మళ్లీ జూన్‌లో విత్తనం కొనాలి. పంట పోయినా కౌలు డబ్బు మాత్రం చెల్లించాలి. ఈ ఖర్చులన్నీ మీద పడేనాటికి దాతలు తమ తమ పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారు. డబ్బు ఎక్కువగా వచ్చే వారానికీ, డబ్బు నిజంగా అవసరమయ్యే నెలకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పూడ్చడానికి ప్రపంచంలో కొన్ని చిన్న దీవులు ఒక ఏర్పాటును వాడుకుంటున్నాయి. దాని పేరు కమ్యూనిటీ ఫౌండేషన్. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో, మన కృష్ణా లంకలకు ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విజయవాడ వాళ్లకు ఈ ఏర్పాటు మూలసూత్రాన్ని వివరించడం కష్టం కాదు. ఇంద్రకీలాద్రి మీద శాశ్వత అన్నదానానికి డబ్బు కట్టినవారికి తెలుసు, ఆ మొత్తాన్ని ఎవరూ ఖర్చు చేయరనీ, దాని మీద వచ్చే వడ్డీతో ఏటా వారు కోరిన రోజున భోజనం పెడతారనీ. కమ్యూనిటీ ఫౌండేషన్‌లో కూడా అసలు కదలదు, రాబడి మాత్రమే ఖర్చవుతుంది. తేడాలు రెండు. మొదటిది, అక్కడ డబ్బు ఒక గుడికో ఒక పనికో కాకుండా ఒక ప్రాంతానికి చెందుతుంది. రెండోది, వందలాది దాతలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు కోరికలతో ఇచ్చిన నిధులన్నిటినీ ఒకే చోట కలిపి మదుపు చేస్తారు. లెక్కలు మాత్రం ఎవరి నిధికి వారివి విడివిడిగా ఉంటాయి. పదివేల డాలర్లు ఇచ్చిన మాస్టారికీ, కోటి డాలర్లు ఇచ్చిన వ్యాపారికీ ఒకే ఆడిటర్, ఒకే న్యాయవాది, ఒకే మదుపు నిపుణుడు దొరకడం ఈ కలయిక వల్లనే సాధ్యమవుతుంది.

ఇటువంటి సంస్థల్లో మొదటిది 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టింది. దాన్ని స్థాపించిన ఫ్రెడరిక్ గాఫ్ ఒక ట్రస్టు బ్యాంకు అధ్యక్షుడు. చనిపోయినవారి వీలునామాల ప్రకారం డబ్బు నడిపించడమే ఆయన వృత్తి కాబట్టి, కాలం మారినా వీలునామా మారకపోతే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. సెయింట్ లూయిస్ నగరానికి మేయరుగా పనిచేసిన బ్రయన్ మల్లన్‌ఫీ 1851లో చనిపోతూ, పడమటి ప్రాంతాలకు వలసపోతూ తమ నగరం మీదుగా వెళ్లే పేద ప్రయాణికుల కోసం తన ఆస్తిలో మూడో వంతు రాసిపోయాడు. రైళ్లు వచ్చాయి, బళ్ల మీద వలసపోయేవారు లేకుండా పోయారు, డబ్బు మాత్రం మిగిలిపోయింది. మన ఊళ్లలో కూడా నడిచి తీర్థయాత్రలకు పోయేవారి కోసం రాసిన సత్రం మాన్యాలకు ఇదే గతి పట్టింది. దాత చెప్పిన పని అసాధ్యమైనా అనవసరమైనా, దానికి దగ్గరగా ఉన్న మరో పనికి ఆ డబ్బును మళ్లించే అధికారాన్ని ముందే ఫౌండేషన్ బోర్డుకు కట్టబెట్టడం గాఫ్ కనిపెట్టిన మార్గం. మన దేశంలో పబ్లిక్ ట్రస్టు ఉద్దేశాన్ని మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకెక్కాలి. హిందూ ధర్మాదాయమైతే దేవాదాయ శాఖ చుట్టూ తిరగాలి. ఏరు దారి మార్చుకునే చోట, ఈ ఏడు ఉన్న పొలం పైయేడు ఉంటుందన్న భరోసా లేని చోట, ఈ మళ్లింపు అధికారం విలువ మామూలు ఊళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

దీవి లెక్క వేరు

చిన్న దీవుల్లో పేదరికం కంటే ముందు అర్థం చేసుకోవలసింది అక్కడి ఖర్చుల స్వభావం. పడవ నడపడానికి పదిమంది ఎక్కినా వందమంది ఎక్కినా దాదాపు అదే డీజిలు, అదే సరంగు జీతం. బడిలో ఆరుగురు పిల్లలున్నా టీచరు ఒకరు ఉండాలి. కరెంటు లైను ఏరు దాటాలంటే అవతల ఎన్ని ఇళ్లున్నాయన్నది స్తంభాలకు పట్టదు. జనాభా తగ్గినా ఈ ఖర్చులు తగ్గవు కాబట్టి ఒక్కొక్క మనిషి మీద పడే భారం పెరుగుతుంది. భారం పెరిగినకొద్దీ మరికొందరు వెళ్లిపోతారు. అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో సుమారు వందేళ్ల కిందట దాదాపు 300 దీవుల్లో ఏడాది పొడవునా జనం ఉండేవారు. ఇప్పుడు వంతెన లేని దీవుల్లో అలా జనం నిలిచినవి 15 మాత్రమే. మన్‌హీగన్, మటినికస్ వంటి దీవుల్లో ఇప్పటికీ ఒకే గది బడులున్నాయి. అక్కడ పిల్లలున్న ఒక్క కుటుంబం వెళ్లిపోవడం ఊరంతా మాట్లాడుకునే విషయం. బడి మూతపడితే కొత్త కుటుంబం రాదు, కొత్త కుటుంబం రాకపోతే బడి తెరుచుకోదు.

ఈ గొలుసును ఎక్కడో ఒక చోట ఆపడానికే దానధనం కావాలి. కానీ అరవై మంది ఉండే దీవి తన సొంత ఫౌండేషన్ పెట్టుకోలేదు. ట్రస్టు నడపడం కూడా పడవ నడపడం లాంటి ఖర్చే: ఏటా ఆడిట్, పన్ను పత్రాలు, బోర్డు సమావేశాలు, దాతలకు రసీదులు. పైగా ఊళ్లో చేయగలవారు నలుగురే ఉంటారు, ఆ నలుగురే బడి కమిటీలోనూ, అగ్నిమాపక దళంలోనూ, పడవ కంపెనీ బోర్డులోనూ అప్పటికే ఉంటారు. వాళ్ల సాయంత్రాల్లో ఇంకో సమావేశానికి చోటు లేదు.

అందుకని పద్దతి ఇలా స్థిరపడింది: లెక్కలు, చట్టపరమైన బాధ్యత, మదుపు దీవి బయట ఉన్న పెద్ద సంస్థకు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న నిర్ణయం స్థానికులకు. 1983లో ఏర్పడిన మెయిన్ కమ్యూనిటీ ఫౌండేషన్ రాష్ట్రమంతటికీ గొడుగు లాంటి సంస్థ. దాని కింద కౌంటీల వారీగా స్థానిక సలహా సంఘాలుంటాయి, దరఖాస్తులు చదివి ఎంపిక చేసేది ఆ ప్రాంతంలో కాపురముండే స్వచ్ఛంద సభ్యులే. సముద్రం ఛాయ కూడా లేని నెబ్రాస్కాలో 1993లో మొదలైన ఫౌండేషన్ ఇదే సూత్రాన్ని ఇంకా విస్తృతంగా అమలు చేసింది. అక్కడ వందలాది చిన్న ఊళ్లు తమ పేరున అనుబంధ నిధులు పెట్టుకున్నాయి, కాగితం పని మాత్రం కేంద్ర కార్యాలయమే చూసుకుంటుంది. మైదానం మధ్య ఉన్న ఊరు దీవి ఎలా అవుతుందని అడగవచ్చు. దగ్గరి పట్నం నూరు మైళ్లయితే, బడి లెక్కా ఆసుపత్రి లెక్కా అచ్చం దీవి లెక్కే.

డబ్బు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సరిపోదన్న సంగతి కూడా మెయిన్‌లోనే తేలింది. అదే 1983లో అక్కడి రాక్‌లాండ్ పట్టణంలో మొదలైన ఐలాండ్ ఇన్‌స్టిట్యూట్ 1999 నుంచి చదువు ముగించుకున్న యువతీయువకులను ఒకటి రెండేళ్లపాటు దీవుల్లో కాపురం పెట్టించి, ఆ ఊరు అడిగిన పని చేయిస్తోంది. ఆ పని దరఖాస్తులు రాయడం కావచ్చు, గ్రంథాలయం సర్దడం కావచ్చు, తాగునీటి లెక్కలు చూడడం కావచ్చు. దీవుల్లో నిజంగా కొరవడేది సాయంత్రం పూట ఖాళీగా ఉన్న మనిషి అని గుర్తించి చేసిన ఏర్పాటిది. మన దగ్గర పల్లెలకు నిధులు మంజూరు చేసేవారు ఈ ఒక్క విషయం గ్రహించినా చాలా దరఖాస్తులు గడువు లోపల చేరతాయి.

అందరూ బంధువులే అయినప్పుడు

స్థానికులే నిర్ణయించాలి అనే మాట వినడానికి బాగుంటుంది, కానీ అక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. అరవై మంది ఉన్న చోట దరఖాస్తు పెట్టినవాడు కమిటీ సభ్యుడికి బావమరిదో, పక్కింటివాడో, పదేళ్ల కిందట గట్టు తగాదాలో ఎదిరి పక్షమో అయి ఉంటాడు. పట్నంలో అయితే సంబంధమున్న సభ్యుడు ఆ ఒక్క చర్చలో లేచి బయటికి వెళితే సరిపోతుంది. చిన్న దీవిలో ఆ నియమం కచ్చితంగా పాటిస్తే గదిలో ఎవరూ మిగలరు. అందువల్ల అనుభవమున్న ఫౌండేషన్లు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటాయి. ఒకే దీవికి బదులు నాలుగైదు దీవులకు కలిపి ఒక కమిటీ వేస్తారు, దాంతో ప్రతి దరఖాస్తు మీదా దూరంగా ఉండి మాట్లాడగలవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తుది సంతకం ఫౌండేషన్ బోర్డుదే అని నియమం పెడతారు. ఈ రెండో దాన్ని చాలామంది స్థానిక స్వాతంత్ర్యానికి అడ్డు అని విమర్శిస్తారు కానీ, నా ఉద్దేశంలో అది స్థానికులకు చేసే మేలు. ఊళ్లో ముఖం మీద లేదని చెప్పలేని మనిషికి, ‘నేను రాశాను, పైవాళ్లు ఒప్పుకోలేదు’ అని చెప్పుకునే వీలు ఉండాలి. మరుసటి రోజు పొద్దున్న అదే పడవలో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవాలి కదా.

కృష్ణా లంకల్లో ఈ చిక్కుకు ఇంకో రెండు ముడులు కలుస్తాయి. కులం, పార్టీ అనేవి బంధుత్వంకంటే బలమైన గీతలు. పంచాయతీ ఎన్నికల్లో ఓడిన వర్గానికి గెలిచిన వర్గం చేతిలోని కమిటీ మీద నమ్మకం కుదరదు. అంతకంటే పెద్దది భూమి సమస్య. లంక భూమి మీద కాగితం ఒకరి పేరున ఉంటుంది, అరటి, కంద, పసుపు పండించేది కౌలుదారు. పంట సాగుదారు హక్కు పత్రం లేని కౌలుదారు పేరు నష్టపరిహారం జాబితాలోకి ఎక్కడం కష్టం. ఒడ్డున ఉన్న పొలం ఏట్లో కలిసిపోతే ఆ రైతు దగ్గర సర్వే నంబరు ఉంటుంది, నేల ఉండదు. ప్రభుత్వ సాయం కాగితాన్ని చూసి వస్తుంది. అందులో తప్పు పట్టలేం, ఖజానా సొమ్ముకు ఆధారం కావాలి. ఫౌండేషన్ సొమ్ముకు ఆ నిర్బంధం లేదు. చేను ఎవరు దున్నారో ఊరందరికీ తెలుసు కాబట్టి ఊళ్లోవారి మాట మీద కౌలుదారు చేతికే డబ్బు ఇవ్వవచ్చు. అయితే ఆ మాట చెప్పేవారు ఎవరన్నదే ప్రశ్న. భూయజమానులతో నిండిన కమిటీ కౌలుదారు పక్షాన మాట్లాడుతుందని ఆశించడం అమాయకత్వం. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలు దీనికి కొంత మెరుగైన వేదిక అని నాకు అనిపిస్తుంది. అప్పు ఎవరు తీరుస్తారో, ఎవరింట్లో ఏ కష్టం ఉందో అక్కడి ఆడవాళ్లకు నెలనెలా తెలుస్తూనే ఉంటుంది, లెక్క పుస్తకం రాయడం వారికి అలవాటైన పని.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

పేద దీవికి మూలధనం ఎక్కడిదన్నది సహజమైన సందేహం. మెయిన్‌లో దానికి సమాధానం వేసవి ఇళ్లవారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పట్నాల నుంచి వచ్చి ఉండే ధనవంతులు ఆ దీవులను మనసారా ప్రేమిస్తారు, ఉదారంగా ఇస్తారు. ఇబ్బంది ఏమిటంటే, వారు ఇష్టపడి ఇచ్చేది గ్రంథాలయానికో, పాత చర్చి మరమ్మతుకో, సముద్రతీరం కాపాడడానికో. వారు కొన్న ఇళ్ల వల్లనే ధరలు పెరిగి, లాబ్‌స్టర్లు (పెద్ద సముద్రపు రొయ్యలు) పట్టే కుర్రవాడికి సొంత ఊళ్లో ఇల్లు దొరకకుండా పోతున్న సంగతి దానపత్రాల్లో కనిపించదు. మన్‌హీగన్ దీవిలో స్థానికులు ఒక సంస్థగా ఏర్పడి ఇళ్లు కొని, ఏడాది పొడవునా అక్కడే కాపురముండేవారికే అందుబాటు ధరకు దక్కేలా షరతులతో ఇస్తున్నారు. దాత మనసుకూ ఊరి అవసరానికీ మధ్య కూర్చుని, సెప్టిక్ ట్యాంకు కూడా చర్చి గోపురమంత అవసరమేనని మర్యాదగా నచ్చజెప్పడం ఫౌండేషన్ ఉద్యోగి చేసే పనుల్లో కష్టమైనది.

స్కాట్లాండ్‌లో మూలం వేరు. అక్కడ గాలిమరల కంపెనీలు స్థాపిత సామర్థ్యంలో ప్రతి మెగావాట్‌కూ ఏటా 5,000 పౌండ్లు చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలని ప్రభుత్వ మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆ సొమ్ములో చాలా నిధులను ఫౌండేషన్ స్కాట్లాండ్ అనే కమ్యూనిటీ ఫౌండేషన్ స్థానిక సంఘాలతో కలిసి నిర్వహిస్తుంది. దీనికంటే ముందుచూపు షెట్లాండ్ దీవులవారిది. ఉత్తర సముద్రంలో చమురు బయటపడి, సల్లమ్‌వో దగ్గర టెర్మినల్ కట్టడానికి కంపెనీలు వచ్చినప్పుడు, అక్కడి కౌన్సిలు 1974లో బ్రిటిష్ పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించుకుని, తమ బతుకులకు కలిగే అలజడికి పరిహారం రాబట్టింది. ఆ సొమ్ముతో 1976లో ధర్మనిధి ఏర్పాటు చేసింది. కంపెనీల చెల్లింపులు ఆగిపోయిన తరువాత కూడా ఆ నిధి వృద్ధుల సంరక్షణకూ, క్రీడా కేంద్రాలకూ ఖర్చు పెడుతూనే ఉంది. షెట్లాండ్ ధర్మనిధిని కచ్చితమైన అర్థంలో కమ్యూనిటీ ఫౌండేషన్ అనలేం, కానీ తమ తీరం నుంచి తరలిపోయే సంపదలో ఒక పాలు తమ దగ్గర ఆపుకోవడం ఎలాగో అది చూపించింది. కృష్ణ ఇసుక తరలిపోయే దారుల పక్కన కాపురమున్నవారికి ఈ ఉదాహరణను విడమరిచి చెప్పనక్కరలేదు.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ పక్కన ఉన్న ఫోగో దీవిది మూడో దారి. 1992లో ప్రభుత్వం కాడ్ చేపల వేటను నిషేధించడంతో వందల ఏళ్ల వృత్తి ఆగిపోయింది. ఆ దీవిలోనే పుట్టి, సాంకేతిక రంగంలో బాగా సంపాదించి తిరిగివచ్చిన జీటా కాబ్, తన సోదరులతో కలిసి షోర్‌ఫాస్ట్ అనే ధర్మసంస్థను నెలకొల్పింది. 2013లో తెరిచిన 29 గదుల హోటలు ఆ సంస్థదే. మిగులు మళ్లీ దీవికే చేరుతుంది. అతిథి కట్టిన డబ్బులో ఎంత జీతాలకు పోయింది, ఎంత దీవిలోనే ఉండిపోయింది, ఎంత బయటికి పోయిందన్నది బిస్కెట్ పొట్లం మీద పోషక విలువలు ముద్రించినట్టు ముద్రించి చూపడం వాళ్ల ప్రత్యేకత. ఒక్క ధనవంతురాలి తెలివీ సొమ్మూ మీద ఇంత ఆధారపడడం ఎంతవరకు క్షేమమన్నది వేరే చర్చ.

ఈ మూడింటికంటే మనకు దగ్గరగా అనిపించేది స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐగ్. యజమానులు మారుతూ, మరమ్మతులు లేక ఇళ్లు కారుతూ ఉన్న ఆ దీవిని అక్కడి కాపురస్తులు 1997 జూన్‌లో 15 లక్షల పౌండ్లకు కొనుక్కున్నారు. అందులో పెద్ద భాగం పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకే దాత ఇచ్చినది. కాపురస్తుల సంఘం, హైలాండ్ కౌన్సిలు, స్కాటిష్ వన్యప్రాణి సంస్థ ముగ్గురూ కలిసిన ట్రస్టు పేరున దీవి ఉంది. దానం ఒక ఊరిలో ఎలా పనిముట్టుగా మారుతుందో చూడాలంటే అక్కడి కరెంటు చూడాలి. అంతవరకు ఎవరింటికి వారు డీజిలు జనరేటరు పెట్టుకుని తంటాలు పడేవారు. 2008 ఫిబ్రవరిలో నీటి, గాలి, సౌర విద్యుత్తును కలిపిన సొంత గ్రిడ్ మొదలైంది. ఉత్పత్తికి హద్దు ఉంది కాబట్టి ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10 కిలోవాట్లు అని పరిమితి పెట్టుకున్నారు. కెటిలూ వాషింగ్ మెషీనూ హీటరూ ఒకేసారి వేసి ఆ హద్దు దాటితే ఆ ఇంటికి కరెంటు పోతుంది, సంబంధిత మనిషి వచ్చి మళ్లీ వేయాలి. ధనిక ఇంటికీ పేద ఇంటికీ హద్దు ఒకటే. ఆ నియమం బయటినుంచి దాత పెట్టి ఉంటే నెల తిరక్కుండా దొంగ కనెక్షన్లు వచ్చేవి. తాము కూర్చుని తేల్చుకున్న నియమం గనుక నడుస్తోంది.

విపత్తు సమయంలో ఈ ఏర్పాట్ల ఉపయోగం ఎలా ఉంటుందో హవాయి చూపించింది. 1916 నుంచి ఉన్న హవాయి కమ్యూనిటీ ఫౌండేషన్, 2023 ఆగస్టులో మావీ దీవిలోని లహైనా పట్టణం తగలబడినప్పుడు సుమారు 20 కోట్ల డాలర్ల విరాళాలు స్వీకరించింది. మావీని చిన్న దీవి అనలేం, ఆ మొత్తాలు మనం ఊహించే స్థాయివి కావు. గమనించవలసింది వరస. ఖాతా, నియమాలు, స్థానిక సంస్థలతో పరిచయం అగ్నిప్రమాదానికి ముందే ఉన్నాయి. అందువల్ల వచ్చినదంతా మొదటి నెలలోనే పంచేయకుండా, తిండి, తాత్కాలిక నివాసం, దీర్ఘకాలిక పునర్నిర్మాణం అంటూ దశలుగా వాడుకునే వీలు దొరికింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు మనకూ దేశవిదేశాల నుంచి సాయం వచ్చింది, ఇళ్లు లేచాయి, తుఫాను రక్షణ భవనాలు లేచాయి. ఆనాటి ఔదార్యంలో పదో వంతు మూలధనంగా నిలిపి ఉంటే అది ఈనాటికి ఏమై ఉండేదో అనిపించక మానదు.

మన చట్టాల గట్లు

అయితే గాఫ్ నమూనాను ఎత్తి తెచ్చి గుంటూరులో దించడానికి మన చట్టాలు ఒప్పుకోవు. 1991లోనే ముంబైలో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు ఏర్పడినా ఆ ఆలోచన దేశంలో అంతగా వ్యాపించకపోవడానికి చట్టాలే కొంత కారణం. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే ధర్మసంస్థ తన ఏడాది ఆదాయంలో 85 శాతాన్ని ధర్మకార్యాలకే వినియోగించాలి. ఫలానా పనికి అని ముందే తెలియజేస్తే అయిదేళ్ల వరకు కూడబెట్టవచ్చు. దాత మూలధనం కోసమే అని రాసి ఇచ్చిన విరాళం ఈ లెక్కలోకి రాదు, కానీ దాన్ని చట్టం అనుమతించిన పద్ధతుల్లోనే మదుపు చేయాలి. నేరుగా కంపెనీల షేర్లు కొనడం కుదరదు, చాలా ట్రస్టులు బ్యాంకు డిపాజిట్‌తో సరిపెట్టుకుంటాయి. ఫలితం లెక్క వేసి చూద్దాం. కోటి రూపాయల మూలధనానికి ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి ఏడు లక్షలు. అందులో 85 శాతం ఖర్చు చేస్తే అసలుకు కలపడానికి మిగిలేది లక్షా అయిదు వేలు, అంటే ఒక శాతం. రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణానికి పెట్టుకున్న లక్ష్యమే నాలుగు శాతం. కాబట్టి కాగితం మీద కోటి కోటిగానే ఉన్నా, దాని కొనుగోలు శక్తి ఏటా మూడు శాతం చొప్పున కరుగుతుంది. ఇటువంటి నిధి నిలవాలంటే ప్రతి సంవత్సరం కొత్త దాతలు మూలధనానికి కలుపుతూనే ఉండాలి.

కంపెనీల నుంచి ఆ కొత్త డబ్బు తెద్దామా అంటే అదీ కుదరదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, కానీ 2021 జనవరి సవరణల తరువాత ఏ సంస్థ మూలధనానికి ఇచ్చినా అది ఆ ఖర్చు కింద చెల్లదు. పైగా తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మని చట్టం చెబుతుంది. లంకలో ఫ్యాక్టరీ లేదు కనుక అది ఎవరికీ స్థానిక ప్రాంతం కాదు. ట్రస్టు నుంచి ట్రస్టుకు డబ్బు మారినా కోతే: 2023 సవరణ ప్రకారం మరో ధర్మసంస్థకు ఇచ్చిన వంద రూపాయల్లో 85 మాత్రమే వినియోగించినట్టు లెక్కలోకి వస్తుంది.

కృష్ణా, గుంటూరు ఊళ్లకు అమెరికాలో ఉన్న బంధుబలగం సంగతి తెలిసినదే. ఇక్కడ కూడా ఒక సన్నని గీత ఉంది. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదన నుంచి పంపినది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మరుక్షణం నుంచి పంపేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతా ద్వారా దాన్ని తీసుకోవాలి. 2020 సెప్టెంబరు సవరణతో అలా తీసుకున్న సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషేధించారు. పెద్ద సంస్థ డబ్బు తీసుకుని ఊరి సంఘాలకు చిన్న చిన్న గ్రాంట్లుగా పంచడమే కమ్యూనిటీ ఫౌండేషన్ ప్రాణం కాబట్టి, ప్రవాసుల విరాళాలకు ఆ దారి మూసుకుపోయినట్టే. విజయవాడలోని సంస్థ తన సొంత సిబ్బందితో తానే ఖర్చు పెట్టాలి, లంకలోని సంఘం చేతికి ఇవ్వకూడదు.

2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పీ4 కార్యక్రమంలో సంపన్నులు ‘మార్గదర్శులు’గా, ‘బంగారు కుటుంబాలు’ అని పిలిచే పేద కుటుంబాలను దత్తత తీసుకుంటారు. ఆ ఆలోచనను తక్కువ చేయనక్కరలేదు. కానీ లంకలో కష్టం కుటుంబం వారీగా రాదు. చప్టా మునిగితే అందరికీ మునుగుతుంది, పడవ చెడితే అందరికీ చెడుతుంది. కుటుంబానికి దాత దొరకవచ్చు, పడవ ఇంజనుకు దాత దొరకడం కష్టం.

దానధనం చేయకూడని పనులు కూడా ఉన్నాయి. వంతెన, కరకట్ట, ఒడ్డు కోతకు అడ్డంగా రాతి కట్టుబడి, ఇవి ప్రభుత్వ బాధ్యతలు. ఏటిమొగ రేవు దగ్గర ఎదురుమొండి దీవికి పోయే పంటు కోసం నిలబడిన గర్భిణికి ఫౌండేషన్ గ్రాంటు సమాధానం కాదు. కృష్ణ మీద పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన పడిన తరువాత దివిసీమకూ రేపల్లె వైపుకూ ఏర్పడిన రాకపోకలను ఏ ధర్మసంస్థా తేలేకపోయేది. దాతలు చేస్తున్నారు కదా అని అధికారులు వెనక్కి తగ్గడం మెయిన్‌లోనూ స్కాట్లాండ్‌లోనూ వినిపించే ఫిర్యాదే. అందువల్ల గ్రాంటు రాసేటప్పుడే ఇది ఫలానా శాఖ చేయవలసిన పని కాదని తేల్చుకోవడం మంచి పద్ధతి.

ఇన్ని గట్ల మధ్య లంకలకు సాధ్యమయ్యేది ఏమిటంటే, గుంటూరులోనో విజయవాడలోనో ఇప్పటికే రిజిస్టరై, ఆడిట్ సక్రమంగా ఉన్న ఒక ట్రస్టులో లంకల పేరున విడి ఖాతాతో నిధి. దాత ఇచ్చేటప్పుడే మూలధనానికి అని ఒక పత్రం, అవసరం మారితే దగ్గరి పనికి మళ్లించవచ్చునని అందులోనే ఒక వాక్యం ఉండాలి. ఒక్క ఊరికి బదులు ఏటికి రెండు ఒడ్డుల మధ్య ఉన్న ఏడెనిమిది లంకలకు కలిపి ఒక కమిటీ వేసి, అందులో కౌలుదారులకూ గ్రామ సమాఖ్యలకూ నిర్ణీత స్థానాలు ఇవ్వాలి. కోటి రూపాయల నిధి నుంచి ఏటా ఖర్చుకు దొరికే దాదాపు ఆరు లక్షలు ఏడెనిమిది ఊళ్లకు పెద్ద మొత్తం కాదు. కానీ జూన్‌లో విత్తన పసుపు కోసం వడ్డీ లేకుండా ఇచ్చి, ఫిబ్రవరిలో దుగ్గిరాల యార్డులో పంట అమ్మిన తరువాత తిరిగి తీసుకునే పద్ధతిలో అవే లక్షలు మరుసటి ఏడు ఇంకొకరికి పనికొస్తాయి. పంట ఏట్లో కలిసిన ఏడాది ఎంత మాఫీ చేయాలి, ఎవరి మాట మీద చేయాలి అన్నది మే నెలలోనే, బ్యారేజీ గేట్లు ఎత్తకముందే, రాసి సంతకాలు చేసుకోవాలి. నీరు వచ్చాక కూర్చుంటే ఆ చర్చ ఎటు పోతుందో లంక ఊళ్లలో తెలియనివారు ఉండరు.